మెరాపి నీడలో ఒక పల్లె



రేడియో చెవికి మాత్రమే ఏర్పడిన సాధనము. కావున ఈ సాయంకాలము నేను పరిచయము చేయదలచిన పల్లెను వర్ణచిత్రముగా గాక, వినికిడిగా మీ ముందుంచుట ఉచితమని తోచినది. ఆ పల్లె పేరు బుగిసాన్. ఇండొనీసియా దేశమున, జావా ద్వీపపు నడిమి భాగమున, క్లాటెన్ జిల్లాలో, యోగ్యకర్త నగరమునకు తూర్పుగా ఇరువది కిలోమీటర్ల లోపుననే అది కలదు. పదునైదు కోట్లకు మించిన జనము కిక్కిరిసి బ్రతుకు ద్వీపమది. యోగ్యకర్తనుండి సురకర్తకు పోవు రాజమార్గము, రేయింబవళ్లు లారీలతో, బస్సులతో, మోటారు సైకిళ్లతో హోరెత్తుచు, ఆ పల్లెకు కొద్ది కిలోమీటర్ల దూరముననే సాగుచుండును. అట్లయ్యు, ఆ మార్గమును విడిచి వరిచేల నడుమ కాలిబాట పట్టిన బాటసారికి కొంతసేపటికే తన అడుగుల చప్పుడు తనకు వినవచ్చును. ఇంత జనసమ్మర్దమున ఇంత ప్రశాంతి ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నా ప్రసంగమునకు ప్రయోజనము.

వేకువజామున ఆ చేలగట్టుమీద నిలిచితిమని భావించుకొందము. మొట్టమొదట చెవిని బడునది నీటి సవ్వడి. ఉత్తరమున ఇరువది కిలోమీటర్ల పైచిలుకు దూరములో, సుమారు 2,900 మీటర్ల యెత్తున, శిఖరమునుండి సన్నని పొగ వెడలించుచు మెరాపి పర్వతము నిలిచియున్నది. అపి యనగా ఇండొనీసియా భాషలో అగ్ని. పేరులోనే నిప్పు దాచుకొన్న కొండ యది. ఆ కొండ యుగయుగములుగా క్రక్కిన బూడిదయే ఈ మైదానమునకు మన్నైనది; ఆ కొండ శిఖరములు మేఘములనడ్డి కురిపించిన వానయే భూగర్భమున నింకి, క్లాటెన్ ప్రాంతమున ఊటలుగా పైకి వచ్చి, కాలువలై, పిల్లకాలువలై, మడినుండి మడికి దిగుచు, అడుగడుగున ఒక చిన్న జలపాతపు పలుకు పలుకుచుండును. నీరు నిలుపుకొన్న మడిని వారు సవా యందురు. సవా గట్టుమీద కొనకు గుడ్డపీలిక కట్టిన పొడవాటి గడకఱ్ఱ పట్టుకొని బాతులగుంపును నడపించు ముదుసలి, కోసిన మడిలో రాలిన గింజలను ఏరుకొనుచు గుసగుసలాడు బాతులు, దూరమున మసీదునుండి తెల్లవారుజాము నమాజు పిలుపు, ఇండ్ల పెరటినుండి పొయ్యి రాజుకొను చిటపటలు: ఇవి ఆ పల్లె మేలుకొను సవ్వడులు.

ఆ పల్లెను దూరమునుండి చూచినచో ఊరు కనబడదు. పచ్చని వరిసముద్రమున ఒక వృక్షద్వీపము మాత్రము కనబడును. ప్రతి యింటిని చుట్టుకొని పెకరంగన్ అను పెరటితోట యుండుటయే దీనికి కారణము. కొబ్బరి, పనస, అరటి, బొప్పాయి, వాని నీడను పసుపు, అల్లము, ఆకుకూరలు, ఒక మూల కోళ్లగూడు, మఱియొక మూల చేపలగుంట. అంగుళము నేలయైన వ్యర్థపుచ్చని ఆ తోట, చేనిపంట చేజాఱిన సంవత్సరమున కుటుంబమునకు ప్రాణదాతయగును. జావాలో సేద్యగాండ్రలో ఎక్కువమందికి అర హెక్టారైన చేనులేదను మాట తలచుకొన్నప్పుడుగాని ఆ పెరటి విలువ మనకు బోధపడదు.

ఇక వరి సంగతి. ఇంగ్లీషువానికి చేనిలోనున్నను, గాదెలోనున్నను, పళ్లెములోనున్నను ఒక్కటే మాట. మనకట్లు కాదు; జావా రైతునకును కాదు. మనము వరి యన్నదానిని వారు పరి యందురు. ఇది వినుటకు చుట్టరికమువలె నున్నను భాషలు వేఱు, వంశములు వేఱు. మన వడ్లు వారికి గబా. మన బియ్యము బెరస్. మన నూకలు మెనిర్. మన తవుడు కతుల్. మన తాలు గబుగ్. మన గడ్డి దమెన్. మన అన్నము సెగ. కుండ యడుగున అంటుకొన్న మాడునకు సైతము ఇంతిప్ అని వేఱే పేరు కలదు. ఒక జాతి దేనిని ఇన్ని పేర్లతో పిలుచునో దానితోనే దాని జీవితము ముడివడి యున్నదని గ్రహింపవచ్చును. దేశమను మన మాటయే అచ్చట దేసా యైనది. మనము దేశమనినచో హిమాలయమునుండి సేతువుదాక తలతుము. వారికి దేసా యనగా పల్లె. ఈ అర్థసంకోచమును చూచి నాకు విచారము గలుగదు. పల్లెయే తన దేశమని నమ్మినవాని నోట ఆ మాట తన తావును కనుగొన్నదనిపించును.

వారి వరికి అధిదేవత దేవి శ్రీ. మన లక్ష్మికి గల నామమే ఆమెది. ఆమె దేహమును పూడ్చిన తావున వరి మొలిచినదని కథ. జావానీయులలో అత్యధికులు ఇస్లాము మతస్థులు. అయినను పాత పద్ధతి యింటిలో నడిమి గదియగు సెంతొంగ్ తెంగా దేవి శ్రీకి విడిచిన చోటు. అందు శ్రీ, ఆమె జోడు సదన అను దంపతుల బొమ్మలు ఆసీనములై యుండును. పంట కోతకు ముందు చేనిమూలను చిన్న నైవేద్యముంచి ఆమె యనుమతి వేడుట పూర్వాచారము. కోతకత్తియు ఆ భక్తికి తగినట్లే యుండెడిది. అని-అని అను ఆ చిన్న కత్తి అరచేతిలో నొదిగిపోవును. స్త్రీలు దానిని వ్రేళ్ల నడుమ దాచి, కత్తిని జూచి వరితల్లి బెదరకుండ, ఒక్కొక్క వెన్నును విడివిడిగ కోసెడివారు. ఆ కోతలో కొడవలి చప్పుడు లేదు. వెన్ను విఱిగిన చిన్న సవ్వడి, వనితల మాటలు మాత్రమే.

కాలమును కొలుచుటలో ఆ రైతు మన రైతునకు మిక్కిలి దగ్గఱివాడు. ప్రణత మంగ్స యను వ్యవసాయ పంచాంగమును సురకర్త ప్రభువు ఏడవ పాకుబువన 1855వ సంవత్సరము జూన్ 22వ తేదీనుండి క్రమబద్ధముగ నెలకొల్పెను. అందు ఏడాదికి పండ్రెండు భాగములు. అయితే అవి సమానములు కావు, ఇరువదిమూడు దినముల చిన్నభాగము మొదలు నలుబదిమూడు దినముల పెద్దభాగము వఱకు, వాన, గాలి, మొలక, పూత, పక్షుల రాకపోకలు ననుసరించి విభజింపబడినవి. తొలి పదింటికి ఒకటవది, రెండవది యని సంఖ్యలే పేర్లు. కడపటి రెంటిని మాత్రము ధెస్త, సద యందురు. ఇవి మన జ్యేష్ఠ, ఆషాఢములే. జూన్ చివరి వారమున వేకువను తూర్పున పొడసూపు నక్షత్రరాశిలో వరుసగ నిలిచిన మూడు చుక్కలను, వాని చుట్టునున్న తారలను కలిపి వారు వలుకు, అనగా నాగలి, యని పిలుతురు. ఆ రాశి శిరోభాగమే మన మృగశిర. మృగశిర కార్తె వచ్చినదని మన పల్లెలలో ఏరువాకకు కాడి కట్టువేళ, జావా రైతు ఆ ఆకసపు భాగముననే నాగలిని చూచి కొత్త పంచాంగము నారంభించును. అచ్చటి వానకారు సుమారు నవంబరునుండి ఏప్రిల్ వఱకు గనుక దుక్కుల వేళలో భేదముండుగాక, మింట వ్రాసిన వ్రాత మాత్రము ఇరువురకు నొక్కటే.

వారమును వారు రెండు విధముల లెక్కింతురు. ఏడు దినముల వారమునకు తోడు, లెగి, పాయింగ్, పొన్, వగే, క్లివొన్ అను ఐదు దినముల సంతవారము వేఱుగ నడచుచుండును. రెండు చక్రములును కలిసి ముప్పదియైదు దినములకొకమాఱు మొదటికి వచ్చును. బిడ్డ పుట్టినదినమును ఈ జంటపేరుతోనే జ్ఞాపకముంచుకొందురు. ఊరూరికొక సంతదినము, తలపై తట్టలతో, వెదురుబుట్టలతో వనితలు వేకువనే బయలుదేఱు ఆ దినము మన పల్లెల వారపుసంతను తలపించును.

శ్రోతలారా, బుగిసాన్ పల్లెకు మఱియొక విశేషము కలదు. వరిచేల నడుమ, గడ్డివాముల ప్రక్కన, తొమ్మిదవ శతాబ్దినాటి ప్లావొసాన్ బౌద్ధాలయములు నిలిచియున్నవి. ఉత్తర ప్లావొసాన్ నందు రెండంతస్తుల కవల మందిరములు రెండు, వాని చుట్టును 58 చిన్న గుడులు, 116 స్తూపములు, మొత్తము 174 ఉపాలయములు ఏర్పఱిచిరి. శైవుడగు రకై పికతన్ రాజు, బౌద్ధురాలగు అతని రాణి ప్రమోదవర్ధని కాలమున ఈ నిర్మాణము జరిగెనని పండితులలో పలువురి మతము. ఒక మైలు దూరముననే, 47 మీటర్ల యెత్తున శివాలయముతో, గోడలపై రామాయణ శిల్పములతో విలసిల్లు ప్రంబనాన్ ఆలయమును చూచుటకు ప్రపంచపు యాత్రికులు తండోపతండములుగ వత్తురు. ప్లావొసాన్‌కు వచ్చువారు కొద్దిమంది. కాని నా మనస్సును ఆకర్షించినది ఆ చిన్న ఉపాలయముల రాళ్లపై చెక్కిన పొట్టి శాసనములు. వానిలో అనుమోద యను సంస్కృత పదము, దాని వెంబడి ఒక సామంతునిదో, ఒక యధికారిదో నామము కనబడును. ఈ గుడి ఫలానావాని కానుక యని దాని తాత్పర్యము. రాజు పేరును ఆ వరుసలోనే కలదు. అనగా ఆ దేవాలయము ఒక్కని ఐశ్వర్యమున లేచినది కాదు. పలువురు తలకొక రాయి మోసినందున లేచినది. మన అమరావతి స్తూపమునందు గృహస్థులు, వణిజులు, భిక్షుణులు, ఒక చర్మకారుడు సైతము తమ తమ దానములను పేరు పేరున చెక్కించుకొనిరను సంగతి ఇచ్చట నాకు స్ఫురించుట సహజము. ఆ శాసనముల అక్షరములును దక్షిణభారతపు లిపిశాఖలోనివే. మన తెలుగు అక్షరమునకు అవి జ్ఞాతులు.

పదవ శతాబ్ది తొలిభాగమున రాజ్యకేంద్రము తూర్పు జావాకు తరలిపోయినది; ఆలయములు అడవిపాలైనవి; కొన్ని కూలినవి. కాని ఒక్కొక్కడు ఒక్కొక్క పాలు మోయు ఆ పద్ధతి మాత్రము పల్లెను విడిచిపోలేదు. దానికి వారు గొతొంగ్ రొయొంగ్ అని పేరు పెట్టిరి. ఒకని యింటి కప్పు దింపవలసినను, కాలువ పూడిక తీయవలసినను, ఊరి శ్మశానము శుభ్రపఱపవలసినను, ఇంటికొక మనిషి కూలి యడుగక వచ్చును. గృహస్థుడు భోజనము పెట్టును. రేపు ఆ వచ్చినవారి పనికి ఈ గృహస్థుడు పోవును. రాత్రి వేళ వంతులవారిగ పురుషులు ఊరు కావలి తిరుగుదురు. వీథి మొగమున వ్రేలాడు కెంతొంగన్ అను తొలిచిన కొయ్యదిమ్మె ఆ పల్లెకు గొంతువంటిది. దొంగతనమునకొక దరువు, అగ్నిప్రమాదమునకొక దరువు, మరణమునకొక దరువు. దరువు విన్నంతనే ఏమి జరిగినదో ఊరందఱకును తెలియును. గ్రామాధికారులకు జీతమునకు బదులు బెంగ్కొక్ అను భూమి ననుభవమున కిచ్చిన పూర్వాచారము, మన కరణము మునసబుల మాన్యములను జ్ఞప్తికి దెచ్చును.

మాటలోను వారికి మర్యాద మిక్కుటము. సమవయస్కునితో పలుకు ఙొకొ వేఱు, పెద్దలతో పలుకు క్రమ వేఱు. సెగ యన్న అన్నమే పెద్దలముందు సెకుల్ అగును. ఒకరి ముందునుండి నడచి పోవలసినచో నడుము వంచి, చేయి క్రిందికి జాచి, నువున్ సెవు అని మెల్లగ పలికి పోదురు. వేయి క్షమాపణలు అని దాని భావము. గొంతెత్తుట అచ్చట తప్పు. ఆ పల్లె నిశ్శబ్దమున సగము ఈ సంయమమువలన బుట్టినదే.

కాని శ్రోతలారా, నిశ్శబ్దములన్నియు ఒక్కటి కావు. ఆ పల్లె చవిచూచిన మూగతనములను గూడ చెప్పకున్నచో నేను మీకు సత్యమును దాచినవాడనగుదును. డచ్చివారు 1830వ సంవత్సరమునుండి తమ ప్రభుత్వపు భూములలో రైతులచే నిర్బంధముగ చెఱకు, నీలి, కాఫీ పండించిరి. క్లాటెన్ ప్రాంతము దేశీయప్రభువుల సీమలోనిదగుటచే ఇచ్చట కథ వేఱు: ప్రభువుల బంధువులకు, ఉద్యోగులకు జాగీరులుగనున్న గ్రామములను ఐరోపా తోటయజమానులు కౌలునకు గొని, పొలముతో పాటు రైతు శ్రమనుగూడ తమదిగ జేసికొనిరి. తాతలనాటి వరిమడిలో పదునాలుగు పదునైదు నెలలు చెఱకు నిలిచెడిది. రైతు తన మడిలోనే కూలివాడయ్యెను. ఆనాటి యంత్రములతో గొండాంగ్ చక్కెర కర్మాగారము నేటికి ఒక ప్రదర్శనశాలను నిలుపుకొని యున్నది. ఎందఱో అచ్చట ఇనుప చక్రములను జూచి అబ్బురపడుదురు. ఆ చక్రములకు చెఱకునందించినవారి పేర్లు ఏ గోడమీదను లేవు.

రెండవ మూగతనము దగ్గఱనాటిది. 1960లలోను, ఆపైని నూతన వరివంగడములు వచ్చినవి, దిగుబడి పెఱిగినది, 1980లలో ఆ దేశము తన తిండి తానే పండించుకొనగలిగినది. ఇది గొప్ప విషయమే. అయితే పొట్టికాడ వంగడమునకు అని-అని పనికిరాలేదు, కొడవలి వచ్చినది. మునుపు కోతకు వచ్చిన ప్రతి వనితకు పండినదానిలో పాలు దక్కెడిది. ఇప్పుడు పైరు మీదనే పంటను గొన్న వర్తకుడు తన కొడవలిమనుషులను తానే తెచ్చుకొనెను. 1970లలో ఊరూర బియ్యపు మరలు వెలసినవి. లెసుంగ్ అను పడవవంటి పెద్ద రోలు చుట్టును నిలిచి, తాళము తప్పక రోకళ్లు వేయుచు దంచిన స్త్రీల చేతికి పని లేకపోయినది. దంపుళ్లపాట వినుచు పెరిగి, మరలు వచ్చిన తరువాత మూలపడిన రోకలిని చూచిన మన కోస్తా పల్లెలవారికి ఈ దుఃఖము క్రొత్త కాదు. ఆ రోలు ఇప్పుడు పండుగలలో వాద్యముగ మాత్రము మ్రోగుచున్నది.

మఱియొక మూగతనము పురుగుమందులు తెచ్చినది. విరివిగ మందు చల్లినకొలది, సాలీడువంటి మిత్రకీటకములు చచ్చి, గోధుమరంగు సుడిదోమ పెచ్చుపెరిగి పంటను మాడ్చివేసినది. చేలలో కప్ప కూయుట తగ్గెను. 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 రకముల మందులను నిషేధించెను. 1989నుండి, రైతులే గట్టుమీద గుంపుగ కూర్చుండి, మొక్కను పెఱికి చూచి, పురుగులలో పగవాడెవ్వడు చెలికాడెవ్వడు అని తమ కన్నులతో దామే తేల్చుకొను చేనిపాఠశాలలు మొదలైనవి. ఆ విద్యయే సముద్రము దాటి వచ్చి మన యాంధ్రప్రదేశమున పొలంబడి యైనది. పూర్వము మన తీరమునుండి అక్షరములు అచ్చటికి పోయినవి; ఈ కాలమున అచ్చటి రైతునుండి పాఠము మనకు వచ్చినది. ఇంతకంటె గౌరవమైన ఋణవిమోచనము నాకు తెలియదు.

ఇక ప్రకృతి తెచ్చిన విపత్తుల మాట. 2006వ సంవత్సరము మే 27వ తేదీ యుదయము ఆఱుగంటలు కావచ్చుచుండగా భూమి ఒక నిమిషము లోపల కంపించి, యోగ్యకర్త, క్లాటెన్ ప్రాంతములలో 5,700 మందికి పైగా ప్రాణములు గొన్నది. ప్రంబనాన్ ఆలయశిలలును సడలినవి. లక్షకు పైగా యిండ్లు నేలమట్టమైనవి. అప్పుడు పొరుగిండ్లవారు గుంపులుగ నేర్పడి, ప్రభుత్వమిచ్చిన ధనమును తామే పద్దులు వ్రాసికొని, ఒకరి తరువాత నొకరి యిల్లుగ నిలువబెట్టుకొనిరి. నాలుగేండ్లకే, 2010లో, మెరాపి పేలి మూడువందల యేబదిమందికి పైగా చనిపోయిరి. బూడిద కప్పిన చేలలో మరల నారు పోసిరి. ఈ కొండ తమకు అన్నదాత, మృత్యుదాత రెండును తానేయని వారెఱుగుదురు. అయినను దానిని నిందింపక, తాత యని గౌరవముతో పిలుతురు.

పంట యింటికి వచ్చినపిమ్మట బెర్సిహ్ దేసా యను గ్రామశుద్ధి పండుగ జరుగును. ఉపవాసమాసమునకు ముందు నెలలో సమాధులను శుభ్రపఱచి పెద్దలను స్మరించు ఆచారమును న్యాద్రన్ అందురు. అందు మన శ్రాద్ధ శబ్దము దాగియున్నది. శిఖరమువలె పోసిన అన్నపురాశిచుట్టు ఊరివారందఱు చాపలమీద సమముగ కూర్చుండి, ప్రార్థన చదివి, పంచుకొని తిందురు. రాత్రి వయాంగ్ కులిత్, తోలుబొమ్మలాట. మన తోలుబొమ్మ రంగులతో వెలుగును తనలోనికి రానిచ్చును. వారి బొమ్మ జల్లెడవలె చెక్కిన నీడను తెరమీద వేయును. దలంగ్ అను ఆటగాడు ఒక్కడే రాత్రి మొదలు తెల్లవారువఱకు కదలక కూర్చుండి, అన్ని పాత్రలను తానే పలికించును. గమెలన్ అను వాద్యబృందపు కంచుగంటలు అతని మాటకు తోడగును. పంటపండుగ రాత్రి తఱచుగ ఆడు కథ శ్రీ మరల ఇంటికి వచ్చుట. మనకు కేతిగాడు, బంగారక్క యెట్టివారో వారికి సెమార్, గరెంగ్, పెత్రుక్, బగొంగ్ అట్టివారు. అయితే పెద్దపొట్ట, పొట్టికాళ్ల ముసలి సేవకుడగు సెమార్ నిజమునకు దేవతయని వారి విశ్వాసము. సేవకుని రూపమున దేవుని జూచిన జాతి అది.

ఆ పల్లె నేడును మారుచున్నది. యువకులు నగరములకు, కర్మాగారములకు పోవుచున్నారు. గట్లమీద నెరసిన తలలే యెక్కువ. సురకర్త-యోగ్యకర్త టోల్ రోడ్డు క్లాటెన్ వరిచేల మీదుగ సాగుచు, మేలిమి సవాలను మ్రింగినది. నీటి సవ్వడి స్థానమున చక్రముల హోరు వచ్చినచో, అదియొక నష్టమని చెప్పుటకు నేను సందేహింపను.

జావావారిలో ఒక సామెత కలదు: సెపి ఇంగ్ పమ్రిహ్, రమే ఇంగ్ గవే. స్వార్థమున నిశ్శబ్దము, పనియందు సందడి యని దాని భావము. తొలుత నేనడిగిన ప్రశ్నకు సమాధానము ఇందే యున్నది. ఆ పల్లె ప్రశాంతి ప్రకృతి ఉచితముగ ఇచ్చినది కాదు. అగ్నిపర్వతము క్రింద, కంపించు నేలమీద, అర హెక్టారైన లేని మడిలో, ఒకరి భారము నొకరు మోయుచు, ఒకరి ముందొకరు గొంతు తగ్గించుకొనుచు, పండ్రెండు శతాబ్దులుగ మనుష్యులు చేతులతో నిర్మించి నిలుపుకొన్నది. రోకలి ఆగిపోయిన నిశ్శబ్దము వేఱు, రోజు పని ముగిసిన నిశ్శబ్దము వేఱు. మీరును మీ యూరికి పోయినప్పుడు, సందెవేళ చేలగట్టున ఒక్క ఘడియ నిలిచి వినుడు, వినబడునది ఈ రెంటిలో ఏదియో తెలిసికొనుడు, మొదటిదైనచో, ఊరకుండకుడు.